చింపాంజీల నేస్తం జేన్ గుడాల్



కోడి గుడ్డు పెట్టడం మనమంతా చూశాం. మనకు అది వింత కాదు. కానీ ఒక చిన్నపిల్లకు అది పెద్ద వింత అయింది. అంత గుడ్డు కోడి ఒంట్లోంచి ఎలా వస్తుంది అని ఇంట్లో అందరినీ అడిగింది. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసింది? కోళ్ల గూట్లోకి దూరింది. గడ్డిలో ముడుచుకుని కూర్చుంది. కదలలేదు, మెదలలేదు. గంటల తరబడి అలాగే ఉంది.

ఇక్కడ ఇంట్లో వాళ్లకు ప్రాణం పోయినంత పనైంది. పిల్ల తప్పిపోయిందని అన్నిచోట్లా వెతికారు. పోలీసులకు కూడా కబురు చేశారు. పొద్దు గూకే వేళకు పిల్ల ఒంటినిండా గడ్డితో పరుగెత్తుకుంటూ వచ్చింది. కోడి గుడ్డు పెట్టడం కళ్లారా చూసి వచ్చింది!

ఇంకో తల్లి అయితే వీపు మీద రెండు వేసేది. ఆ తల్లి కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం చూసిందో చెప్పమని, చివరిదాకా విన్నది.

ఆ పిల్ల పేరు జేన్ గుడాల్. అప్పటికి ఆమెకు నాలుగేళ్లు దాటాయంతే. పెద్దయ్యాక ఆమె లోకమంతా మెచ్చిన శాస్త్రవేత్త అయింది. ఆమె చేసిన పని కూడా ఇదే. ఓపికగా కూర్చోవడం, చూడడం, చూసింది రాసిపెట్టడం. ఆమె 2025 అక్టోబరు 1న 91 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె కథ ఈ పాఠంలో చదువుదాం.

కాలేజీకి పోలేని పిల్ల

జేన్ 1934 ఏప్రిల్ 3న ఇంగ్లండులోని లండన్ నగరంలో పుట్టింది. చిన్నప్పుడు జంతువుల కథల పుస్తకాలు చదివేది. ఆఫ్రికా వెళ్లాలి, అడవిలో జంతువుల మధ్య బతకాలి, వాటి గురించి పుస్తకాలు రాయాలి. ఇదీ ఆమె కోరిక.

అందరూ నవ్వారు. ఆడపిల్లవు, డబ్బు లేదు, ఆఫ్రికా ఏమైనా పక్క ఊరా అన్నారు. తల్లి ఒక్కతే నవ్వలేదు. కష్టపడి పని చెయ్యి, వచ్చిన అవకాశం వదులుకోకు అని చెప్పింది.

జేన్ బడి చదువు అయింది. కాలేజీకి పంపడానికి ఇంట్లో డబ్బు లేదు. ఆమె టైపు నేర్చుకుని ఆఫీసు ఉద్యోగం చేసింది. ఇంతలో ఒక స్నేహితురాలు ఉత్తరం రాసింది. మా వాళ్లకు ఆఫ్రికాలో, కెన్యా దేశంలో పొలం ఉంది, రమ్మని పిలిచింది. ఓడ టిక్కెట్టుకు డబ్బు కావాలి కదా? జేన్ ఒక హోటల్లో బల్లల దగ్గర వడ్డించే పనికి చేరింది. పైసా పైసా కూడబెట్టింది. 1957లో ఓడ ఎక్కింది. అప్పుడు ఆమె వయసు 23.

కెన్యాలో లూయీ లీకీ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. పాత కాలపు మనుషుల ఎముకలు తవ్వి తీసి, మనిషి పుట్టుక గురించి పరిశోధన చేసేవాడు. జేన్ ఆయన దగ్గర పనికి చేరింది. ఆమె ఓపిక, ఆసక్తి ఆయన గమనించాడు. అడవిలో చింపాంజీలను చూసి రావడానికి ఈమే తగిన మనిషి అనుకున్నాడు. డిగ్రీ లేదు కదా అని ఆయన వెనకాడలేదు.

చింపాంజీ అంటే ఏమిటి?

చింపాంజీని మన కొండల్లో చూడలేం. అది ఆఫ్రికా అడవుల్లోనే పుట్టి పెరుగుతుంది. చూడడానికి కోతిలా ఉంటుంది గానీ కోతి కాదు. దానికి తోక ఉండదు. ఒళ్లంతా నల్లటి వెంట్రుకలు ఉంటాయి. కోతి కంటే చాలా పెద్దది, బలమైనది. జంతువులన్నిటిలో మనిషికి బాగా దగ్గర చుట్టాల్లో చింపాంజీ ఒకటి.

గోంబే అడవిలో

1960 జూలై 14న జేన్ గోంబే చేరింది. గోంబే ఇప్పటి టాంజానియా దేశంలో, టాంగనికా అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. అప్పుడు ఆ దేశాన్ని తెల్లదొరలు పాలిస్తున్నారు. వయసులో ఉన్న ఆడపిల్ల ఒంటరిగా అడవిలో ఉండడానికి వీల్లేదని అధికారులు అడ్డు చెప్పారు. ఎవరైనా తోడు ఉండాలన్నారు. తోడు ఎవరు వెళ్లారో తెలుసా? కన్నతల్లే. ఆమె పేరు వాన్.

తల్లీకూతుళ్లు గుడారం వేసుకుని ఉన్నారు. ఇద్దరికీ మలేరియా జ్వరం పట్టుకుంది. అయినా తిరిగి పోలేదు.

ఆ సరస్సు ఒడ్డున జాలరులు ఉండేవారు. రాత్రిపూట దీపాలు పెట్టుకుని చిన్న చేపలు పట్టేవారు. పగలు వాటిని ఇసుకలో ఎండబెట్టేవారు. మన ముత్యాలమ్మపాలెం ఒడ్డున నెత్తళ్లు ఎండబెట్టినట్టే. జేన్ తల్లి వారికి దెబ్బలకు కట్లు కట్టి, జ్వరానికి మాత్రలు ఇచ్చేది. దాంతో ఊళ్లవాళ్లకు ఈ తల్లీకూతుళ్ల మీద నమ్మకం కుదిరింది.

చింపాంజీలకు మాత్రం నమ్మకం కుదరలేదు. జేన్ కనబడగానే పారిపోయేవి. వారాలు గడిచాయి. నెలలు గడిచాయి. ఆమె రోజూ పొద్దున్నే కొండ ఎక్కేది. రోజూ ఒకే రంగు బట్టలు వేసుకునేది. ఒకే చోట కదలకుండా కూర్చునేది. దూరంగా ఉన్న వాటిని బైనాక్యులర్‌తో చూసేది. చూసిన ప్రతి సంగతీ పుస్తకంలో రాసుకునేది. ఏ వేళకు లేచాయి, ఏం తిన్నాయి, ఎక్కడ పడుకున్నాయి అన్నీ రాసేది.

నెరిసిన గడ్డం డేవిడ్

మొదట ధైర్యం చేసింది ఒక మగ చింపాంజీ. దాని గడ్డం నెరిసి ఉండేది. జేన్ దానికి డేవిడ్ అని పేరు పెట్టింది. అది పారిపోవడం మానేసింది. దాన్ని చూసి మిగతావి కూడా భయం తగ్గించుకున్నాయి.

1960 నవంబరులో ఒక రోజు డేవిడ్ చెదపుట్ట దగ్గర కూర్చుని ఉంది. ఒక గడ్డిపుల్ల తీసింది. పుట్ట కన్నంలో దూర్చింది. కాసేపు ఆగింది. బయటికి లాగింది. పుల్లకు చెదపురుగులు కరుచుకుని వచ్చాయి. వాటిని పెదాలతో తీసుకుని తినేసింది. మళ్లీ పుల్ల దూర్చింది. కొన్నిసార్లు చింపాంజీలు ఆకుల కొమ్మ విరిచి, ఆకులు దూసేసి పుల్ల తయారు చేసుకోవడం కూడా జేన్ చూసింది.

వానాకాలంలో ఉసుళ్లు పట్టి వేయించుకు తినేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఇది వింతగా తోచకపోవచ్చు. కానీ ఆనాటి శాస్త్రవేత్తలకు ఇది పెద్ద వార్త. ఎందుకంటే, పనిముట్టు తయారు చేసేది మనిషి ఒక్కడే అని అంతకు ముందు పుస్తకాల్లో రాసి ఉంది. మనిషికీ జంతువుకూ తేడా అదే అనుకునేవారు. ఒక డిగ్రీ లేని అమ్మాయి, చేతిలో ఒక నోటు పుస్తకంతో, ఆ మాట తప్పు అని చూపించింది.

అప్పటిదాకా చింపాంజీలు ఆకులు, పళ్లు మాత్రమే తింటాయని కూడా అనుకునేవారు. అవి చిన్న జంతువులను వేటాడి మాంసం తింటాయని జేన్ చూసి రాసింది.

పేరా? నంబరా?

1962లో జేన్‌ను ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేర్చుకున్నారు. డిగ్రీ లేకుండానే నేరుగా డాక్టరేటు చదువు. అది చాలా అరుదు.

అక్కడి పండితులు కొందరు ఆమె పనిలో తప్పులు పట్టారు. జంతువులకు పేర్లు పెట్టకూడదు, నంబర్లు ఇవ్వాలి అన్నారు. జంతువుకు కోపం ఉంది, ప్రేమ ఉంది, ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంది అని రాయకూడదు అన్నారు.

అక్కలారా, మీ ఇంట్లో ఆవులు గానీ మేకలు గానీ ఉంటే మీరే చెప్పండి. అన్నిటిదీ ఒకే గుణమా? ఒకటి పొడుస్తుంది. ఒకటి పిలిస్తే వస్తుంది. దూడను అమ్మేస్తే తల్లి ఆవు రాత్రంతా అరుస్తుంది. ఇది మీకు తెలుసు. చిన్నప్పుడు ఒక కుక్కతో తిరిగిన జేన్‌కు కూడా తెలుసు. అందుకే ఆమె పేర్లు తీసెయ్యలేదు. చూసింది చూసినట్టే రాసింది. రోజు, వేళ వేసి రాసిన పుస్తకాలు ఆమె దగ్గర ఉన్నాయి. వాటిని కాదనడం ఎవరివల్లా కాలేదు. 1966లో ఆమెకు డాక్టరేటు వచ్చింది.

తల్లి చింపాంజీ ఫ్లో

గోంబేలో ఫ్లో అనే ముసలి తల్లి చింపాంజీ ఉండేది. మంచి తల్లి. పిల్లలతో ఆడేది. ఆపద వస్తే అడ్డం నిలబడేది. 1972లో ఫ్లో చనిపోయింది. దాని చిన్న కొడుకు పేరు ఫ్లింట్. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. తల్లి పోయాక తిండి మానేసింది. దిగులుతో కొద్ది వారాలకే అదీ చనిపోయింది.

ఆడ చింపాంజీ సుమారు అయిదేళ్లకు ఒక పిల్లను కంటుంది. అన్నేళ్లూ ఆ పిల్ల తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. వేటగాళ్లు పిల్లను పట్టి అమ్మాలంటే ముందు తల్లిని చంపుతారు. అలా ఒక పిల్ల కోసం ఒక కుటుంబమే పోతుంది. అందుకే చింపాంజీల సంఖ్య తగ్గితే మళ్లీ బేగి పెరగదు. ఇప్పుడు ఆఫ్రికా మొత్తం మీద లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా మాత్రమే ఉంటాయని అంచనా.

ఇంకో సంగతి. 1966లో గోంబే చింపాంజీలకు పోలియో సోకింది. మన పిల్లలకు వేసే పోలియో మందునే జేన్ వాళ్లు అరటిపండులో పెట్టి వాటికి తినిపించారు. మనుషుల రోగం అడవికి కూడా పాకుతుందని అప్పుడు తెలిసింది.

ఆకాశం నుంచి చూసినప్పుడు

1968లో గోంబేను ప్రభుత్వం జాతీయ పార్కుగా ప్రకటించింది. ఇక చెట్లకు, చింపాంజీలకు భయం లేదని అనుకున్నారు.

1990 ప్రాంతంలో జేన్ చిన్న విమానంలో గోంబే మీదుగా వెళ్లింది. కిందికి చూసి గుండె జారిపోయింది. పార్కు మాత్రం పచ్చగా ఉంది. చుట్టూ కొండలన్నీ బోడిగా ఉన్నాయి. చెట్టు లేదు. వానకు మట్టి కొట్టుకుపోతోంది. ఆ మట్టి సరస్సులో చేరి చేపలకు కూడా చేటు చేస్తోంది.

చెట్లు నరికింది ఎవరు? ఊళ్లవాళ్లే. ఎందుకు నరికారు? పొయ్యిలోకి కట్టె కావాలి. పంటకు నేల కావాలి. జనం పెరిగారు, నేల పెరగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పేదవాళ్లు. వారి బతుకు బాగుపడకుండా అడవి బాగుపడదని జేన్‌కు అర్థమైంది.

ముందు ఊరి మాట విన్నారు

1994లో జేన్ సంస్థ గోంబే చుట్టూ ఉన్న 12 గ్రామాల్లో కొత్త పని మొదలుపెట్టింది. దాని పేరు టకారే. ఆ దేశం వాళ్లే కొందరు ఊరూరా వెళ్లారు. అడవిని కాపాడండి అని ఉపన్యాసం చెప్పలేదు. మీకు ఏం కావాలి అని అడిగారు. పంట బాగా పండాలి, ఆసుపత్రి కావాలి, పిల్లలకు బడి కావాలి అన్నారు ఊళ్లవాళ్లు. మొదట ఆ పనులే చేశారు.

తరువాత ఆడవాళ్లు గుంపులుగా చేరారు. చిన్న చిన్న అప్పులు తీసుకుని వ్యాపారాలు పెట్టుకున్నారు. మన పొదుపు సంఘాల లాంటివే. కట్టె తక్కువ పట్టే పొయ్యిలు వాడడం నేర్చుకున్నారు. చెట్ల మొక్కలు పెంచి నాటారు. ఆడపిల్లలు పైచదువులు చదవడానికి డబ్బు సాయం ఇచ్చారు. ఊళ్లవాళ్లే తమ నేలలో కొంత భాగం అడవికి వదిలారు.

అప్పుడు ఏం జరిగింది? నరికిన మోడులకు చిగుళ్లు వచ్చాయి. బోడికొండలు మెల్లగా పచ్చబడ్డాయి. ఇప్పుడు ఆ ఊళ్ల మనుషులే అడవిలో తిరిగి, ఏ చెట్టు నరికారో, ఏ జంతువు కనబడిందో ఫోనులో ఎక్కించి పెడుతున్నారు.

పిల్లల కోసం కూడా జేన్ 1991లో ఒక సంఘం పెట్టింది. దాని పేరుకు అర్థం వేళ్లు, చిగుళ్లు అని. మొదట 12 మంది పిల్లలు చేరారు. తరువాత అది ఎన్నో దేశాలకు పాకింది. ముసలితనం వచ్చినా జేన్ ఇంట్లో కూర్చోలేదు. ఊరూరా తిరిగి మాట్లాడింది. అమెరికాలో అలా ప్రసంగాలకు వెళ్లినప్పుడే చనిపోయింది.

మనకేటి?

ఒక అక్క అడగవచ్చు. "ఎక్కడో ఆఫ్రికా, ఎక్కడో చింపాంజీ. పరవాడలో ఉన్న మనకేటమ్మా?" అని.

మనకూ వానరాలు ఉన్నాయి. ఎర్రమూతి కోతి ఉంది. నల్లమూతి కొండముచ్చు ఉంది. శేషాచలం అడవుల్లో దేవాంగపిల్లి ఉంది. పేరు పిల్లి గానీ అది కూడా వానర జాతిదే. పెద్ద కళ్లతో రాత్రిపూట తిరుగుతుంది. చేతబడి, మందు అనే మూఢనమ్మకంతో దాన్ని పట్టి చంపుతున్నారు. అది చట్టప్రకారం నేరం.

కోతులు ఊళ్లోకి వస్తున్నాయని చాలా గ్రామాల్లో బాధ పడుతున్నారు. పంట పాడు చేస్తాయి, ఇంట్లో దూరతాయి. దీనికి జేన్ పుస్తకంలోనే ఒక పాఠం ఉంది. మొదట్లో ఆమె చింపాంజీలకు అరటిపండ్లు పెట్టింది. దగ్గరికి వస్తే బాగా చూడవచ్చని. కానీ పండ్ల కోసం అవి ఒకదాన్ని ఒకటి కొట్టుకోవడం ఎక్కువైంది. పండ్లు పెట్టడం తగ్గించారు, తరువాత మానేశారు. మనం కూడా గుడి మెట్ల దగ్గర, ఘాట్ రోడ్డు మీద కోతులకు పండ్లు, బిస్కెట్లు వేస్తాం. పుణ్యం అనుకుంటాం. దాంతో అవి అడవిలో తిండి వెతుక్కోవడం మాని మన చేతి సంచి లాక్కోవడం నేర్చుకుంటాయి. తిండి వెయ్యకపోవడమే వాటికి మేలు, మనకూ మేలు. కోతి కరిస్తే, గీరితే పసుపు పెట్టి ఊరుకోకండి. సబ్బుతో పావుగంట సేపు ధారగా నీళ్లు పోసి కడగండి. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి కుక్కకాటుకు వేసే సూదిమందు గురించి అడగండి.

ఇంకో పాఠం ఇంకా పెద్దది. మన చుట్టూ కర్మాగారాలు వచ్చాయి. కరెంటు కేంద్రం వచ్చింది, మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. కొందరికి పని దొరికింది. నేల, నీళ్లు, చెట్లు మారాయి. ఏ చెరువు ఎప్పుడు ఎండింది, ఏ నెలలో ఏ చేప రావడం తగ్గింది, ఏ తోపులో తాటిచెట్లు పోయాయి. ఇవన్నీ మీకు తెలుసు. రోజూ చూసేది మీరే. కానీ నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. "ఎప్పుడు? ఎక్కడ? ఎవరు చూశారు?" అని అధికారి అడిగితే తడబడతాం.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. తేదీ వేసి రాయండి. చూసిన చోటు రాయండి. చూసినవాళ్ల పేర్లు రాయండి. ఆ పుస్తకం గ్రామసభలో తెరిచి చదవండి. చదువుకున్నవాళ్లు కూడా దాన్ని బేగి తోసెయ్యలేరు. గోంబే అడవిలో జేన్ చేతిలో ఉన్నదీ ఒక పుస్తకమే, ఒక పెన్సిలే.

కొత్త మాటలు

పరిశోధన: ఒక సంగతిని బాగా వెతికి, చూసి తెలుసుకోవడం
పనిముట్టు: పని చేయడానికి వాడే వస్తువు. కత్తి, కొడవలి, పార లాంటివి
డాక్టరేటు: పరిశోధన చేసినవారికి ఇచ్చే పెద్ద పట్టా
జాతీయ పార్కు: జంతువులు, చెట్ల కోసం ప్రభుత్వం కాపాడే అడవి
మోడు: నరికిన తరువాత మిగిలిన చెట్టు మొదలు

జవాబులు చెప్పండి

1. ఓడ టిక్కెట్టు డబ్బు కోసం జేన్ ఏ పని చేసింది?
2. అడవిలో జేన్‌కు తోడుగా ఎవరు వెళ్లారు?
3. డేవిడ్ గడ్డిపుల్లతో ఏం చేసింది? అది ఎందుకు పెద్ద వార్త అయింది?
4. కోతులకు తిండి ఎందుకు వెయ్యకూడదు?

మాట్లాడుకోండి

కోళ్ల గూట్లోంచి వచ్చిన పిల్లను తల్లి తిట్టి ఉంటే ఏమయ్యేది? మన ఆడపిల్లలు ప్రశ్న అడిగితే మనం ఏం చేస్తున్నాం?
ఊళ్లవాళ్లను అడగకుండా అడవి చుట్టూ కంచె వేస్తే సరిపోయేదా?

రాయండి

ఈ వారం మీ ఇంటి దగ్గర ఒక చెట్టును గానీ, పక్షిని గానీ, చెరువును గానీ రోజూ పది నిమిషాలు చూడండి. ఏం చూశారో రోజుకు రెండు వాక్యాలు రాయండి. పైన తేదీ వెయ్యడం మరవకండి. వారం తరువాత కేంద్రంలో అందరి ముందు చదవండి.